సాసరు ఉన్నవాళ్లు, లేనివాళ్లు

పాలు ఒక పొంగు వచ్చాక గానీ ఖాజాసాబ్ అల్లం వెయ్యడు. ముందే వేస్తే విరిగిపోతాయి. దంచిన అల్లాన్ని రెండు వేళ్లతో గిన్నెలోకి జార్చి, మంట తగ్గించి, గోడ గడియారం వైపు చూశాడు. ఎనిమిదీ నలభై. తొమ్మిదికల్లా మొదటి ట్రే పైకి పోవాలి. బల్ల మీద కప్పులు అప్పటికే వరసగా కూర్చున్నాయి.

పొట్టి మనిషి. పద్నాలుగేళ్లుగా ట్రే మోసి మోసి భుజాలు ముందుకు వంగాయి. కుడిచేతి బొటనవేలు మీద ఆవిరికి కాలి కాలి చర్మం నున్నగా మెరుస్తుంది, అక్కడ వెంట్రుక కూడా మొలవదు. నీలం చొక్కా జేబు మీద, కంపెనీకి మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ పేరు కుట్టి ఉంటుంది. ఈ పద్నాలుగేళ్లలో ఆ పేరు నాలుగుసార్లు మారింది. ఆఫీసులో అందరూ అతణ్ని ఇప్పటికీ పాంట్రీ బాయ్ అనే అంటారు. గడ్డం నెరిసిన మనిషిని బాయ్ అనడంలో ఎవరికీ ఏ తేడా కనిపించలేదు, అతనికి కూడా.

ఆ కంపెనీ కారు తలుపుల చుట్టూ వేసే రబ్బరు పట్టీలు చేస్తుంది. పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో, రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి పోవాలి. రిసెప్షన్ గోడకు ఒక అద్దాల ఫ్రేము తగిలించి ఉంటుంది. పైన ఒక పెట్టె, దాని కింద నాలుగు పెట్టెలు, వాటి కింద పద్దెనిమిది, అన్నింటినీ కలుపుతూ గీతలు. ఎవరు ఎవరి కింద పనిచేస్తారో అందులో ఉంటుందని చెబుతారు గానీ, అది ఎప్పుడు చూసినా ఆరు నెలలు పాతదే. కంపెనీలో ఇవాళ ఎవరు ఎక్కడున్నారో నిజంగా తెలియాలంటే ఖాజాసాబ్ ట్రే చూడాలి.

ట్రైనీలకూ, బయట నుంచి వచ్చే సప్లయర్లకూ కాగితం కప్పు. అసిస్టెంట్ మేనేజర్ దాకా తెల్ల పింగాణీ కప్పు, కింద సాసరు ఉండదు. మేనేజర్ అయితే సాసరు వస్తుంది. డీజీఎం, జీఎం అయితే కప్పుకు నీలం అంచు. రెండో అంతస్తులో ప్లాంట్ హెడ్ ఒక్కడికే బంగారు అంచు. కింద షెడ్లలో రబ్బరు కాచే నాలుగు వందల మంది ఈ ట్రే లెక్కలోకి రారు, వాళ్లకు క్యాంటీన్‌లో డ్రమ్ము ఉంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. కాగితం మీద ఎక్కడా లేదు. అయినా ఎవరికైనా ప్రమోషన్ వస్తే ఉత్తరం చేతికందే ముందురోజే అడ్మిన్ నుంచి పాంట్రీకి కబురు వస్తుంది, ఫలానా సీటుకు రేపటి నుంచి సాసరు అని.

తీసేయమని కూడా వస్తుంది. మూడేళ్ల కింద క్వాలిటీలో ఒక మేనేజర్‌ను ఒక మెట్టు దించారు. సాసరు తియ్యమన్నారు. ఖాజాసాబ్‌కు చెయ్యి రాలేదు. మూడు రోజులు సాసరుతోనే ఇచ్చాడు. నాలుగో రోజు ఆ మేనేజరే సాసరును పక్కకు తీసి, ట్రేలో పెట్టి, "వద్దు ఖాజా, నీకు మాటొస్తుంది" అన్నాడు. ఆ మనిషి తల దించుకుని టీ తాగడం చూసిన రోజు ఖాజాసాబ్ మధ్యాహ్నం అన్నం తినలేదు.

ఇవాళ ఫిబ్రవరి ఆఖరు తేదీ. జేబు మీద పేరున్న ఏజెన్సీకి ఇవాళ్టితో కాంట్రాక్టు అయిపోతుంది. రేపు ఉదయం నుంచి బెంగళూరు వాళ్లు వస్తున్నారు. ఇలా మారినప్పుడల్లా మనుషులు వాళ్లే ఉంటారు, చొక్కాలే మారతాయి. ఈసారి అలా కాలేదు. నిన్న సాయంత్రం కొత్త జాబితా వచ్చింది. ఊడ్చేవాళ్లు, తోటవాళ్లు, పాంట్రీ కలిపి ముప్ఫైఒక్క పేర్లకు ముప్ఫై ఉన్నాయి. ఖాజాసాబ్ పేరు లేదు.

కారణం వయసు. యాభై అయిదు దాటినవాళ్లను కొత్త ఏజెన్సీ పెట్టుకోదు. కార్డు ప్రకారం ఖాజాసాబ్‌కు యాభై ఏడు. నిజానికి యాభై రెండు. అప్పట్లో పెనుకొండలో వాళ్ల వీధికి ఆధార్ వాళ్లు మిషను పట్టుకుని వచ్చినప్పుడు, వీధిలో అందరూ నాలుగేళ్లో అయిదేళ్లో కలిపి చెప్పారు. ముసలివాళ్ల పింఛను ఆ మేరకు ముందే వస్తుందని ఆశ. నీ పుట్టిన రోజేదని అడిగితే ఖాజాసాబ్‌కు ఎలాగూ తెలియదు. పక్కింటాయన చెప్పినట్టే తనూ అయిదేళ్లు కలిపాడు. వాళ్లు జనవరి ఒకటి అని రాసుకున్నారు. పింఛను ఇంకా రాలేదు, ఉద్యోగం మాత్రం అయిదేళ్ల ముందే పోతోంది. తను చేసుకున్నదే కాబట్టి ఎవర్నీ తిట్టడానికి కూడా లేదు.

ఉద్యోగం ఒక్కటే అయితే అతను ఇంత భయపడేవాడు కాదు. పెనుకొండ బస్టాండు దగ్గర టీ బండి పెట్టుకున్నా బతకొచ్చు. కానీ భార్య మాబున్నీకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు హిందూపురంలో డయాలసిస్. అది ఖాజాసాబ్ ఈఎస్ఐ కార్డు మీద జరుగుతోంది. ఉద్యోగం పోయాక ఆ కార్డు ఇంకో కొన్ని నెలలు నడుస్తుందట. ఆ తర్వాత ఏమిటన్నది ఎవరూ చెప్పలేదు. జాబితా సంగతి అతను ఇంట్లో చెప్పలేదు.

తొమ్మిదికి మొదటి ట్రే ఎత్తాడు.

కింద టైమ్ ఆఫీసులో పాత ఏజెన్సీ సూపర్‌వైజర్ బసవరాజు ఉన్నాడు. హిందూపురం మనిషి. ఖాజాసాబ్‌కు పైఅధికారి అంటే కాగితం ప్రకారం ఇతనొక్కడే. సప్లయర్ల లెక్కలో వస్తాడు కాబట్టి కాగితం కప్పు. ఖాజాసాబ్ కప్పు పెట్టి అక్కడే నిలబడ్డాడు.

"కార్డులో యాభై ఏడు ఉండాది కదప్పా," అన్నాడు బసవరాజు అడక్కముందే. "వాళ్ల కంప్యూటర్లో యాభై అయిదు దాటితే పేరే ఎక్కదంట. నేనేం చేసేది?"

"నిజంగా అంత వయసు లేదన్నా. పింఛనొస్తాదని కలిపి చెప్పినాం."

"అది నాకు తెలుసు. వాళ్లకు చెప్తే నవ్వుతారు. ఒక పని చెయ్. అడ్మిన్ మేడంతో ఒక మెయిల్ పెట్టించు, ఈ మనిషి మాకు కావాల అని. కస్టమర్ కంపెనీ అడిగితే వాళ్లు కాదనరు. ఈ పొద్దు సాయంత్రం లోపల పెట్టించాల."

ఒక్క మెయిల్. ఖాజాసాబ్‌కు ప్రాణం లేచి వచ్చింది. అడ్మిన్ మేనేజర్ మాధవీలత మంచిది. ధర్మవరం ఆమె, నేతగాళ్ల ఇంట్లో పుట్టింది. మాబున్నీకి బాగాలేదంటే రెండుసార్లు సెలవు ఇప్పించింది. మొదటి అంతస్తులో గాజు గది ఆమెది. సాసరు, చక్కెర లేని టీ.

ఆమె అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పెట్టగలిగితే నిన్ననే పెట్టేదాన్ని ఖాజా. నీ పని బాగుందని నేను ఎన్నిసార్లయినా రాస్తా. మనిషి కావాలని మాత్రం రాయకూడదు, అది హెచ్ఆర్ చూసుకునేది. శివకృష్ణ గారు సరే అంటే అయిదు నిమిషాల్లో పంపిస్తా. ఆయన్ని అడుగు."

"మీరు ఒక మాట చెప్పరాదా మేడం?"

"చెప్పాను," అంది ఆమె. కప్పు ఎత్తి టీ తాగింది.

హెచ్ఆర్ డీజీఎం శివకృష్ణ గది అదే అంతస్తులో చివర. నీలం అంచు, రెండు చెంచాల చక్కెర. ఆయన ఎప్పుడూ ఎవరి మీదా అరవడు, అందరినీ మీరు అంటాడు. పదకొండు గంటల టీ పట్టుకుపోయినప్పుడు ఖాజాసాబ్ నోరు తెరవగానే లేచి వెళ్లి తలుపు మూసి వచ్చాడు.

"ఖాజాసాబ్, మీకు నేను అబద్ధం చెప్పను. మీరు ఏజెన్సీ మనిషి. మీరు మాకు కావాలని మేం రాశామనుకోండి, మీరు మా మనిషేనని ఒప్పుకున్నట్టు అవుతుంది. రేపు ఎవరైనా కోర్టుకు పోతే ఆ మెయిలే సాక్ష్యం. ఒక్క మీకే కాదు, మూడు వందల మంది కాంట్రాక్టు వాళ్లున్నారు. అందుకని మీరెవరో మాకు తెలియనట్టే ఉండాలి. రూల్ అట్లా ఉంది."

"పద్నాలుగేండ్లు సార్," అన్నాడు ఖాజాసాబ్.

"నాకు తెలుసు. నా టీలో రెండు చెంచాలని మీకు ఒక్కసారి కూడా చెప్పాల్సిన పని రాలేదు." ఆ మాట అన్నాక ఆయనకే ఇబ్బందిగా అనిపించినట్టుంది. ఏదో ఫైలు ముందుకు లాక్కున్నాడు. ఖాజాసాబ్ ఖాళీ కప్పు తీసుకుని బయటికి వచ్చాడు. తలుపు మళ్లీ తెరిచే పెట్టమని ఆయన వెనక నుంచి అన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు మాబున్నీ ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది.

"రేపు ఆస్పత్రికి పోవాల కదా. నువ్వొస్తావా, నన్నే పొమ్మంటావా?"

"చూస్తాలే. తిన్నావా?"

"తిన్నా. నీ గొంతేంది అట్లుండాది?"

"ట్రే మోసి మోసి. చెయ్యి లాగుతాండాది. నువ్వు పడుకో."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు క్యారియర్ మూత తెరవకుండా చూస్తూ కూర్చున్నాడు. తెరిస్తే తినాలి. రేపు తనకు పొద్దున్నే ఆస్పత్రికి పోవడానికి తీరిక ఉంటుంది, ఆ ముక్క ఆమెకు చెప్పలేకపోయాడు.

పర్చేజ్‌లో అసిస్టెంట్ మేనేజర్ వేణు నీళ్ల సీసా నింపుకోడానికి పాంట్రీకి వచ్చాడు. సాసరు కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తున్నవాడు. ఎప్పుడు ఇస్తావని ఖాజాసాబ్‌ను రోజూ ఆటపట్టిస్తాడు. ఇవాళ ఆ మాట ఎత్తలేదు. సంగతంతా విని ఉన్నాడు.

"పైకే పోయి అడగరాదా? ప్లాంట్ హెడ్‌ను చూడాలంటే మాకు పది రోజుల ముందు అపాయింట్‌మెంట్ కావాల. నువ్వు రోజుకు మూడుసార్లు ఆయన పక్కనే నిలబడతాండావు."

"ఆడ మాట్లాడకూడదు సార్."

"ఎవరు చెప్పినారు?"

ఎవరు చెప్పారో ఖాజాసాబ్‌కు గుర్తు లేదు. పద్నాలుగేళ్లలో ఆ గదిలో అతను ఒక్క మాట మాట్లాడలేదు. ముగ్గురు ప్లాంట్ హెడ్‌లు మారారు. ముగ్గురికీ అతని గొంతు ఎలా ఉంటుందో తెలియదు.

మూడింటికి బంగారు అంచు కప్పును రెండుసార్లు కడిగాడు. మెట్లెక్కుతుంటే మధ్యలో ఆగాల్సి వచ్చింది. ఎడమ చెయ్యి బరువుగా ఉంది. ట్రేను కుడి చేతిలోకి మార్చుకున్నాడు.

ప్లాంట్ హెడ్ ఒక్కడే ఉన్నాడు. తెల్ల జుట్టు, మెత్తటి గొంతు. తెలుగు ఆగి ఆగి మాట్లాడతాడు. కప్పు పెట్టి వెళ్లిపోవలసిన మనిషి అక్కడే నిలబడేసరికి తల ఎత్తాడు. ఖాజాసాబ్ చెప్పాడు. వయసు సంగతి, జాబితా సంగతి, మాబున్నీ సంగతి. ఎంత తొందరగా చెప్పాలనుకున్నాడో అంత తడబడ్డాడు. ఆయన విసుక్కోలేదు. మొత్తం విన్నాడు. చివర్లో పెన్ను తీసి పక్కనున్న కాగితం మీద అతని పేరు రాసుకున్నాడు. ఖాజాసాబ్ ఆ పేరునే చూస్తూ నిలబడ్డాడు.

"మీరు ఎవరికి రిపోర్ట్ చేస్తారు?"

"బసవరాజు సార్‌కి. ఏజెన్సీ సార్."

"అయితే ముందు ఆయన అడగాలి. ఆయన అడ్మిన్‌ను అడిగితే, అడ్మిన్ హెచ్ఆర్‌ను అడుగుతుంది. హెచ్ఆర్ నా దగ్గరికి తెస్తే నేను తప్పకుండా చూస్తాను. నేను నేరుగా దిగితే మధ్యలో వాళ్లు ఎందుకు?" ఆయన నవ్వాడు, అందులో ఎగతాళి లేదు. "ధైర్యంగా వచ్చి అడిగారు. మంచిది. వెళ్లి ఆయనతో మాట్లాడండి."

ఖాజాసాబ్ వంగి నమస్కారం పెట్టి మెట్లు దిగాడు. ఉదయం కింద మొదలుపెట్టి ఒక్కో అంతస్తూ ఎక్కి, చివరికి మళ్లీ కిందికే పంపారు. తనకు తెలిసిన తలుపులన్నీ తట్టాడు. ప్రతి తలుపూ తెరిచారు. ఎవరూ కసురుకోలేదు, ఎవరూ కాదనలేదు. అతనికి ఏడుపొచ్చింది. ట్రే చేతిలో ఉండగా ఏడవడం అలవాటు లేదు కాబట్టి దిగేదాకా ఓర్చుకున్నాడు.

టైమ్ ఆఫీసులో బసవరాజు లేడు. ఫోన్ చేస్తే బస్సు చప్పుడు మధ్య నుంచి పలికాడు.

"మూడింటికే హ్యాండోవర్ సంతకాలు అయిపోయినాయప్పా. నేను సోమందేపల్లి దాటినా. ఇప్పుడు నేను అడిగినా చెల్లదు. నాకు ఈడ పని లేదిప్పుడు. ఏమనుకోవద్దు."

"సరేన్నా," అన్నాడు ఖాజాసాబ్. నిజంగానే ఏమీ అనుకోలేదు.

నాలుగింటికి పాంట్రీలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసి స్టూలు మీద కూర్చున్నాడు. ఒళ్లంతా చెమట పట్టింది. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. రేపు ఉదయం ఇక్కడికి ఎవరో వస్తారు. ఆ వచ్చేవాడు ఎవరికి సాసరు లేకుండా ఇచ్చినా, ఎవరికి చక్కెర వేసినా మొదటి రోజే మాట పడతాడు. అది తలుచుకోగానే అతనికి కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. ప్రింటర్ దగ్గర పారేసిన కాగితం ఒకటి తీసుకుని, వెనకవైపు తెల్లగా ఉన్న చోట రాయడం మొదలుపెట్టాడు. ఏడో తరగతి దాకా చదివిన చేతిరాత, ఒత్తులు పెద్దపెద్దగా ఉంటాయి. తనను వద్దన్న చోటు కోసం ఎందుకు రాస్తున్నాడో మనకు అర్థం కాదు. పద్నాలుగేళ్లు చేసిన పనికి ఇంకొకరు మాట పడకూడదని అతనికి అనిపించింది, అంతే.

ఒక్కో సీటూ కళ్ల ముందు పెట్టుకుని నింపాదిగా రాశాడు. మధ్యలో రెండుసార్లు పెన్ను పెట్టేసి చెయ్యి విదిలించుకున్నాడు. కాగితం కిందదాకా నిండింది. పెన్నుకు మూత పెట్టి, చక్కెర డబ్బా కింద కాగితాన్ని ఒక అంచు పట్టేలా పెట్టాడు. కాసేపు గోడకు తల ఆనించి కళ్లు మూసుకుందామనుకున్నాడు. అయిదు గంటల టీకి ఇంకా టైముంది.

అయిదూ పదికి మొదటి అంతస్తు నుంచి ఇంటర్‌కమ్ మోగింది. అయిదూ పావుకు రెండో అంతస్తు నుంచి. తర్వాత రెండూ మార్చి మార్చి మోగాయి. పద్నాలుగేళ్లలో అయిదు గంటల టీ ఒక్కరోజు కూడా తప్పలేదు కాబట్టి ఎవరికీ ముందు కోపం రాలేదు, ఆశ్చర్యపోయారు. వేణు దిగి వచ్చి తలుపు తోశాడు. ఖాజాసాబ్ గోడకు ఆనుకునే ఉన్నాడు. గడ్డం రొమ్ము మీదికి వాలింది. భుజం పట్టుకుని కదిపితే వేణు చేతికి చల్లగా తగిలింది.

కంపెనీ నర్సు వచ్చి చూసి తల అడ్డంగా ఊపింది. తర్వాత సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. ఫారం నింపాలి, ఎవరి మనిషి అని అడిగాడు. అడ్మిన్‌ను అడిగితే ఏజెన్సీ అన్నారు. పాత ఏజెన్సీకి ఫోన్ చేస్తే మూడింటికే అప్పగించేశాం అన్నారు. బెంగళూరుకు చేస్తే మా పని రేపు ఉదయం ఆరింటికి మొదలవుతుంది, పైగా ఈ పేరు మా జాబితాలోనే లేదు అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మధ్యాహ్నం మూడింటి నుంచి మర్నాడు ఉదయం ఆరింటి వరకూ ఖాజాసాబ్ ఎవరి మనిషీ కాడు. ఆ మధ్యలో పోయాడు.

గేటు దగ్గర అంబులెన్సు ఆగి ఉంది. సెక్యూరిటీ నారాయణప్ప రిజిస్టరు తీశాడు. ఎవరు బయటికి పోయినా అందులో రాయాలి. పేరు రాశాడు, టైము రాశాడు. మూడో గడిలో సంస్థ అని ఉంది. పెన్ను పట్టుకుని సేఫ్టీ ఆఫీసరు వైపు చూశాడు. ఆయన ఫోన్లో ఉన్నాడు. డ్రైవరు హారను కొట్టాడు. నారాయణప్ప ఆ గడిలో పెనుకొండ అని ఊరి పేరు రాసి గేటు తెరిచాడు. ఆ తర్వాత, వేణు తెచ్చి తన చేతికిచ్చిన చనిపోయిన మనిషి ఫోను తీసి, అందులో మొదటగా ఉన్న పేరుకు తనే చేశాడు. "అమ్మా, మాబున్నీ నువ్వేనామ్మా?" అని అడిగి, తను కంపెనీ గేటు దగ్గర ఉండే నారాయణప్పనని చెప్పాడు.

ఆరున్నరకు ఆఫీసు ఖాళీ అయింది. పాంట్రీ తాళం వెయ్యాల్సిన మనిషి లేడని మాధవీలతే కిందికి వచ్చింది. లైటు ఆర్పబోతూ చక్కెర డబ్బా కింద కాగితం చూసి తీసింది.

"కొత్తగా వచ్చేవాళ్లకి," అని మొదలైంది. "రెండో అంతస్తు సార్‌కి బంగారు అంచు. చక్కెర ఒక చెంచా. కప్పు చల్లగా ఉండకూడదు, ముందు వేన్నీళ్లు పోసి పారబోయాల. శివకృష్ణ సార్‌కి రెండు చెంచాలు, డాక్టర్ వద్దన్నాడని చెప్తారు గానీ వేయాల్సిందే. వేణు సార్‌కి ఏప్రిల్‌లో సాసరు రావచ్చు, ఒకటి ఎక్కువ కడిగి పెట్టుకోవాల. మాధవీలత మేడం చక్కెర లేకుండా. సగం తాగి పెట్టేస్తారు, పని ఎక్కువ. అరగంట తర్వాత అడక్కుండానే ఇంకోటి ఇయ్యాల."

ఆమె కిందికి చదువుతూ పోయింది. ఇరవై మూడు పేర్లు. ఎవరి పేరు పక్కనా హోదా రాయలేదు, టీ ఎలా కావాలో అదే ఉంది. అన్నింటి కంటే కింద, అక్షరాలు వంకరపోయిన చోట ఒక వరస ఉంది. "పాంట్రీలో పనిచేసే మనిషికి మిగిలింది. మిగిలితే. దానికి గ్లాసు సింకు కింద ఉండాది."

మాధవీలత వంగి సింకు కింది తలుపు తెరిచింది. లోపల మడిచిన గుడ్డ మీద ఒక స్టీలు గ్లాసు, కడిగి బోర్లించి ఉంది, దాని మూతి చుట్టూ గుడ్డ మీద తడి ఇంకా ఆరలేదు.